సింహద్వారం ముట్టుకోకముందు

చిరంజీవి సూర్యానికి, పెదనాన్న ఆశీస్సులు.

వీధివైపు బాగుచేయించాలనుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పాత తలుపులు తీసేసి కొత్తవి పెట్టిస్తావట, అరుగులు కొట్టించి కారుకి దారి చేస్తావట. అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు నీళ్ళ సంగతి చూడు.

మన వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దానిమీదే పోశారు. మా చిన్నప్పుడు మూడు మెట్లెక్కితే గానీ అరుగు అందేది కాదు, ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది. అందుకే వానొస్తే రోడ్డు నీళ్ళు మన గోడ మొదట్లోకి వస్తున్నాయి. గోడ అడుగున ఉప్పు పట్టి పెచ్చులూడుతున్నది, ద్వారబంధానికి చెద పట్టింది ఆ చెమ్మ వల్లే. చెమ్మ అలాగే ఉంచి లక్షలు పోసి కొత్త టేకు పెట్టించినా, కొన్నేళ్ళకి దాని గతీ అంతే.

కాబట్టి గట్టి వాన పడేటప్పుడు గొడుగేసుకుని వీధిలో నిలబడు. చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, రోడ్డు నీళ్ళు ఎటు మళ్ళుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, అన్నీ చూసి కాగితం మీద గీసుకో. చూరుకి రేకు కాలువ కట్టించి, నీళ్ళు గొట్టంలోంచి దూరంగా పోయేలా చెయ్యి. అరుగు ముందు సన్నని కాలువ తీయించి పైన జాలీ వేయించు. ఇంటి ముందు నేల అడుగుకి పావు అంగుళం చొప్పున వీధివైపు వాలితే చాలు. మొత్తం కాంక్రీటు పోయించకు. మీ అమ్మ ముగ్గు పెట్టే చోటైనా మట్టిగా ఉండనీ.

ఇక గోడ. మేస్త్రి వచ్చి, పెచ్చులు గీకేసి సిమెంటు కొట్టేద్దాం, గట్టిగా ఉంటుందంటాడు. ఒప్పుకోకు. అది గానుగ సున్నంతో కట్టిన గోడ. లోపలి చెమ్మ సున్నంలోంచి మెల్లగా ఆరిపోతుంది. పైన సిమెంటు కప్పితే బయటికి దారిలేక గోడలోనే పైకి ఎగబాకుతుంది, కొన్నాళ్ళకి సిమెంటు కూడా పలకలు పలకలుగా ఊడుతుంది. సున్నమే వేయించు. తడిపిన సున్నాన్ని కనీసం వారమైనా నీళ్ళలో నాననివ్వాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక సరిపోతుంది. గోడని బాగా తడిపి, పల్చగా పొరలు పొరలుగా వేయాలి. సున్నం గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడుతుంది, అందుకే తొందర పనికిరాదు. ఎండ నేరుగా కొట్టకుండా తడి గోనెపట్టాలు కట్టించు. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడితే ఎండలు ముదరకముందే అయిపోతుంది. పైన కూడా సున్నమే కొట్టించు, ప్లాస్టిక్ రంగులొద్దు.

తలుపుల దగ్గరికి వద్దాం. అవి పాత టేకు. ఇప్పుడు అంత చేవగల కలప దొరకడం కష్టం. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని ద్వారబంధం కాళ్ళ దగ్గర, గడప రెండు చివర్లా గుచ్చి చూడు. మొన కస్సున దిగిందంటే అక్కడ డొల్ల. దిగనిచోట కర్ర బాగున్నట్టే. నేను చూసినప్పుడు కుడివైపు కాలు జానెడు మేరే పోయింది, పైదంతా ఖణేల్‌మంటోంది. ఆ జానెడూ కోయించి, పాత టేకుతోనే అతుకు వేయించు. జానెడు కోసం ఇల్లు పీకి పందిరి వేయకు. చెదమందు మాత్రం తెలిసినవాళ్ళతోనే కొట్టించు. గోడా నేలా కలిసేచోట అడుగుకొక రంధ్రం చేసి లోపలికి ఎక్కించాలి, పైపైన చల్లితే పనిచేయదు.

రంగు గీకేటప్పుడు జాగ్రత్త. రంగుల్లో విషమైన సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఆ తలుపుల మీది పొరలన్నీ అంతకుముందువే. పొడిగా ఉప్పుకాగితం పట్టకు, మంటతో కాల్చించకు. తడిపి గీకించు, కింద పట్టా పరిపించు, మాస్కు పెట్టుకోమను. పిల్లల్ని నాలుగు రోజులు పెరటివైపే తిప్పు. చివర్లో అవిసెనూనె పట్టిస్తే నగిషీ అంతా తేలుతుంది. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే నిప్పంటుకోవచ్చు, విడివిడిగా ఆరబెట్టించు.

అరుగులు కొట్టించొద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. నాయనమ్మకి సాయంత్రాలు నలుగురితో మాట ఆ అరుగు మీదే. కారుకి పక్కసందు వైపు గేటు పెట్టించు. అరుగు మీద నున్నటి గ్రానైట్ వేస్తే వానకి జారుతుంది, పాలిష్ లేని తాండూరు బండ చాలు. మెట్టు పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టించు.

గడప కదిలించాల్సి వస్తే మీ అమ్మ ముహూర్తం చూడాలంటుంది. ముందే అడుగు, వడ్రంగి వచ్చి కూర్చున్నాక మూఢమంటే కూలి దండగ. ద్వారబంధం లోపలి కొలత, బయటి కొలత, చెక్క మందం అంగుళాల్లో రాసి పంపు. పాత కలప అమ్మేవాళ్ళు ఇక్కడ తెలిసినవాళ్ళున్నారు, అతుక్కి సరిపడే ముక్క నేనే చూసి పంపిస్తాను.

మీ పెదనాన్న