లాగే బలమంతా మధ్య తాడుకు ఎందుకు చేరదు?

ఘర్షణ లేని తలం మీద 3 కిలోల దిమ్మెను 20 న్యూటన్ల బలంతో లాగుతూ, దాని వెనుక తాడుతో 2 కిలోల దిమ్మెను కట్టినప్పుడు, ఆ తాడులో తన్యత (బిగిసిన తాడు దిమ్మెను లాగే బలం) కూడా 20 న్యూటన్లే కావాలి కదా, పుస్తకంలో 8 అని ఎందుకు ఉందని మీరు అడిగారు. ఈ పాఠాన్ని ఏళ్ల తరబడి చెబుతున్న వాడిగా నా అభిప్రాయం చెబుతాను: ఈ లెక్క తప్పడానికి కారణం గణితం రాకపోవడం కాదు, రెండు దిమ్మెలను ఒకేసారి చూడడం.

మీ వాదననే పట్టుబట్టి వినిపించిన ఒక విద్యార్థిని నాకు బాగా గుర్తు. నేను ఆమెను కాదనకుండా, తన్యత 20 అనే అనుకొని ముందు దిమ్మె త్వరణం ఎంతో బోర్డు మీద వేయమన్నాను. ముందుకు 20, వెనక్కి 20 అని రెండు బాణాలు గీసి, ఫలిత బలం సున్నా కాబట్టి త్వరణం కూడా సున్నా అని రాసింది. వెనుక దిమ్మె సంగతేమిటన్నాను. 20ని 2తో భాగించి 10 అని రాసి, సుద్దముక్క చేతిలోనే ఉంచుకొని కాసేపు బొమ్మ వంక చూసి, "వెనకది వచ్చి ముందుదాన్ని గుద్దుకుంటుంది కదా సార్, అప్పుడు తాడు వదులైపోతుంది, వదులైన తాడులో తన్యత ఎక్కడిది?" అని తనే అడిగింది. ఆ తరువాత నేను చెప్పవలసింది పెద్దగా మిగలలేదు. మొత్తం 5 కిలోలకు 20 న్యూటన్లంటే త్వరణం సెకనుకు సెకనుకు 4 మీటర్లు; ముందు దిమ్మెను అరచేత్తో కప్పేస్తే కనిపించే 2 కిలోలను ఆ త్వరణంతో నడిపించేది తాడొక్కటే కనుక, దానికి కావలసింది 8 న్యూటన్లు. మిగిలిన 12 ముందు దిమ్మెకే ఖర్చవుతాయి.

గైడ్లు మాత్రం ఈ రెండు వాక్యాలను మింగేసి, వెనుక ద్రవ్యరాశిని బలంతో గుణించి మొత్తం ద్రవ్యరాశితో భాగించమని ఒక పెట్టె గీసి ఇస్తాయి. పరీక్షలో అదే బలంతో 2 కిలోల దిమ్మె వైపు నుంచి లాగితే, అప్పుడు వెనుకబడేది 3 కిలోలది కనుక జవాబు 12 కావాలి; పెట్టెను నమ్ముకున్నవారు ఏది వెనుకదో చూడకుండా మళ్లీ 8 అనే రాస్తారు. "ద్రవ్యరాశి లేని, సాగని తాడు" అన్న మాటను కూడా అలంకారంగా చదివి వదిలేస్తారు. సాగదు కాబట్టే రెండు దిమ్మెలకూ ఒకే త్వరణం. ద్రవ్యరాశి లేదు కాబట్టే రెండు కొసల్లోనూ ఒకే తన్యత. తాడుకే 1 కిలో ఉంటే త్వరణం 4 నుంచి దాదాపు 3.33కు తగ్గి, వెనుక కొసలో సుమారు 6.7, ముందు కొసలో 10 న్యూటన్లు ఉంటాయి.

తలానికి ఘర్షణ ఉంటే తన్యత మారుతుందని మీరు అనుకోవచ్చు. రెండు దిమ్మెలకూ ఘర్షణ గుణకం (దిమ్మె బరువులో ఘర్షణ ఎంత వంతో చెప్పే సంఖ్య) 0.2 అనుకొని, గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకొని వేసి చూడండి: త్వరణం 2కు పడిపోతుంది, కాని వెనుక దిమ్మెను నడపడానికి 4, దాని ఘర్షణను ఎదుర్కోవడానికి మరో 4 కలిపి తాడులో మళ్లీ 8 న్యూటన్లే వస్తాయి. దిమ్మెలు జారుతున్నంత వరకు, గుణకాలు వేరువేరుగా ఉన్నప్పుడే ఈ జవాబు మారుతుంది.