పాత స్పోర్ట్స్ కారా? ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. అన్నా, నేనీ దేశం వచ్చి ఎనిమిది నెలలైంది, ఎలాగూ కారు కొనాలి కదా, ఆ కొనేదేదో చిన్నప్పట్నించీ గోడ మీద పోస్టర్ పెట్టుకున్న కారే కొంటే పోలా, పాత బీఎండబ్ల్యూ ఎం3 ఒకటి నా బడ్జెట్లోనే వస్తోంది, అని. వాడి హుషారు చూసి వద్దురా అని మొహం మీద చెప్పలేకపోయా, ఎందుకంటే నేనూ వచ్చిన కొత్తలో ఇదే పని చేశా, అప్పుడు వద్దన్నవాళ్ల మాట నేను విన్నానా ఏంటి. ఇలాంటి ఫోన్లు ఈ మధ్య ఎక్కువయ్యాయి కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా.

ఫస్ట్ ఈ సంగతి బుర్రకెక్కించుకోండి. కారు పాతబడే కొద్దీ కారు రేటు పడిపోద్ది గానీ దాని పార్ట్స్ రేటు పడదు. కొత్తలో బాగా డబ్బున్నోళ్లు కొన్న కారు ఇరవై ఏళ్ల తర్వాత మామూలు సెడాన్ రేటుకే దొరుకుద్ది, కానీ దాని బ్రేక్ డిస్కులు, క్లచ్, సస్పెన్షన్ సామాను ఇంకా ఆ డబ్బున్నోళ్ల రేటులోనే ఉంటాయి, లేబర్ కూడా అంతే. అందుకే చేతిలో ఉన్నదంతా కారుకే పోసేయకండి. మూడు వాటాలు చేసి రెండు వాటాల్లో కారు వెతకండి, మూడో వాటా మొదటి ఏడాదిలోనే అది మీ దగ్గర వసూలు చేసుకుంటుంది. టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, బెల్టులు, రబ్బరు గొట్టాలు, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఆ వాటా పక్కన పెడితే ఎం3 అందట్లేదా, అయితే మీ బడ్జెట్లో ఎం3 లేనట్టే, అక్కడితో వదిలేయండి. పెద్ద పేరున్న కారులో చవకగా వచ్చే పీస్ కన్నా చిన్న కారులో బాగా చూసుకున్న పీస్ వంద రెట్లు నయం.

రెండోది ఇన్సూరెన్స్. కొత్తగా వచ్చినోళ్లం దెబ్బతినేది ఎక్కువ ఇక్కడే. మనకి ఇక్కడ డ్రైవింగ్ హిస్టరీ ఉండదు, ఇంటి దగ్గర పదేళ్లు నడిపినా చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు, అసలే ప్రీమియం ఎక్కువ, దానికి తోడు రెండు సీట్ల కారు అంటే ఇంకా వాయిస్తారు. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ కారు వీఐఎన్ నంబర్ (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబర్) పెట్టి నాలుగు చోట్ల కోట్ తీయండి, కారు కన్నా ఇన్సూరెన్సే భారంగా కనపడితే ఆశ అక్కడే చల్లారుద్ది, పైసా ఖర్చు లేకుండా. పాత ఓనర్ టర్బో మార్చాడు, ఎగ్జాస్ట్ మార్చాడు అంటే అవి కూడా వాళ్లకి చెప్పాలి, చెప్పకుండా దాచారనుకోండి, రేపు క్లెయిమ్ అప్పుడు ఎగ్గొట్టడానికి మనమే సాకు ఇచ్చినోళ్లమవుతాం.

ఉన్న ఒకే ఒక్క కారు ఇదే అయితే మాత్రం ఇంకోసారి ఆలోచించండి. పాత స్పోర్ట్స్ కారు షెడ్డులో రెండు వారాలు ఉండటం వింతేం కాదు, ఒక పార్ట్ రావడానికే వారం పడుద్ది, ఈలోపు ఆఫీసుకి ఎలా వెళ్తారు? బస్సో ట్రైనో ఉన్న ఊళ్లో ఉంటే సరే. మంచు పడే చోట అయితే సమ్మర్ టైర్ల మీద, ఇంజన్ బలమంతా వెనక చక్రాలకే వెళ్లే కారు తోలడం మాట అటుంచండి, ఏడు డిగ్రీల కిందకి దిగితేనే ఆ రబ్బరు గట్టిపడి గ్రిప్ పోద్ది. మనకి కలిసొచ్చేది ఒకటుంది, మనలో చాలామంది మాన్యువల్ మీదే నేర్చుకున్నాం కాబట్టి గేర్ కారంటే భయం లేదు. కాకపోతే ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు ఆనించి ఉంచే అలవాటు కూడా మనదే, అది మానుకోండి.

ఇక ఏ కారు అంటే, నన్నడిగితే మొదటిసారికి మాజ్దా ఎంఎక్స్-5, అదే మియాటా, టాప్ తెరిచే రెండు సీట్ల చిన్న కారు. 1989లో వచ్చింది, 2016 కల్లా పది లక్షలు తయారయ్యాయి, అంటే పార్ట్స్‌కి కరువు లేదు, తెలిసిన మెకానిక్కులకీ కరువు లేదు. పాతవైతే ఇంచుమించు టన్ను బరువు, అందుకే టైర్లూ బ్రేకులూ తొందరగా అరగవు. దీనికి శత్రువు తుప్పు. గుడ్డ టాప్ మీద పడ్డ నీళ్లు కిందకి పోవడానికి సీట్ల వెనక సన్నటి డ్రెయిన్ గొట్టాలుంటాయి, అవి ఆకులూ మట్టితో పూడుకుపోతే నీళ్లు డోరు కింద సిల్లులో నిలిచి లోపల్నించి తినేస్తాయి. కాబట్టి వెనక చక్రం ముందున్న సిల్లుని వేలితో గట్టిగా నొక్కి చూడండి, సీటు వెనక కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. చెమ్మ తగిలిందా, ఇంకో కారు చూస్కోండి.

పోర్షే బాక్‌స్టర్ మొదటి తరం, 1996 నుంచి 2004 వరకు వచ్చినవి, చవకగా కనపడి నోరూరిస్తాయి. ఇంజన్‌లో లోపల తిరిగే ఒక షాఫ్ట్‌ని మోసే ఐఎంఎస్ బేరింగ్ అనేదొకటి ఉంది, అది పోతే ఇంజనే పోద్ది. అన్నిటికీ పోదు, కానీ పోయినప్పుడు ముందు పెద్దగా చెప్పాపెట్టకుండా పోద్ది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, కాబట్టి తెలిసిన ఓనర్లు క్లచ్ మార్చినప్పుడే అదీ మార్పించేస్తారు. ఆ బిల్లు ఉందా అని అడగండి. మార్పించామండీ అన్న మాట కాదు, బిల్లు కాగితం. మాజ్దా ఆర్ఎక్స్-8 ఇంకా చవక, దాని రోటరీ ఇంజన్ (పిస్టన్ల బదులు రోటర్లు తిరిగేది) ఆయిల్ తాగడం రోగం కాదు, దాని డిజైనే అంత, కానీ రోటర్ కొనల్లో ఉండే అపెక్స్ సీల్స్ అరిగితే కంప్రెషన్, అంటే లోపల ఒత్తిడి, పడిపోయి ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వదు. మామూలు కంప్రెషన్ గేజ్ దానికి పనికిరాదు, రోటరీకి వేరే టెస్టర్ ఉంటుంది, ఆ టెస్ట్ లేకుండా కొనద్దు. మన తమ్ముడు అడిగిన ఈ46 తరం ఎం3 సంగతంటారా, నడపడానికి అద్భుతం, నేను కాదనను, కానీ కనెక్టింగ్ రాడ్ బేరింగులు, వాల్వుల టైమింగ్ మార్చే వానోస్, వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే చోట బాడీకి పగుళ్లు, ఈ మూడూ ఎవరో ఒకరు ఇప్పటికే చేయించి ఉండాలి, లేకపోతే ఆ చేయించేది మీరే. హోండా ఎస్2000 మీద ధైర్యంగా డబ్బులు పెట్టొచ్చు, ఇంజన్ దాదాపు 9,000 ఆర్‌పీఎం దాకా ఏడుస్తూ కాదు పాడుతూ వెళ్తుంది, కానీ రేట్లు ఎప్పుడో మన చేతుల్లోంచి దాటిపోయాయి.

ఇప్పుడు నా బాగోతం. కారు పేరు చెప్పను, అమ్మినాయన పేరు అసలే చెప్పను. ఎర్ర రంగు, రెండు సీట్లు, చలికాలం సాయంత్రం, నేను వెళ్లేసరికి కారు ఇంటి ముందు స్టార్ట్ చేసి ఉంది. చలి కదా, మీకోసం వేడి చేసి పెట్టా అన్నాడు, ఎంత మర్యాదస్తుడో అనుకున్నా. ఇంజన్ గడియారంలా ఆడుతోంది, రౌండేసి వచ్చా, బేరం ఆడటానికి కూడా సిగ్గేసి సంతకం పెట్టేశా. మర్నాడు పొద్దున్నే తాళం తిప్పితే డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు, నాలుగైదు సెకన్లు, తర్వాత వెనక నీలం పొగ. టైమింగ్ చైన్ టెన్షనర్, వాల్వ్ సీల్స్, కారు కొన్న రేటులో సగం అక్కడే అయిపోయింది. వేడెక్కిన ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ ఎక్కి ఉంటుంది కాబట్టి ఆ చప్పుడు బయటికి రాదు, అది చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది. అందుకే ఇప్పుడు ఎవరితో కారు చూడ్డానికి వెళ్లినా నమస్కారం పెట్టే ముందు బానెట్ మీద చెయ్యి పెడతా. వెచ్చగా ఉంటే రేపొస్తాం అని చెప్పి వచ్చేస్తా.

అదే తరహాలో ఇంకో మోసం కూడా ఉంది, చెక్ ఇంజన్ లైటు. కోడ్ చెరిపేసినా, బ్యాటరీ తీసి పెట్టినా లైటు ఆరిపోద్ది, కొన్ని రోజులు రాదు. కారు కంప్యూటర్‌కి తగిలించే చిన్న ఓబీడీ రీడర్ ఒకటి కొనుక్కెళ్లి అందులో రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనని తాను చెక్ చేసుకునే టెస్టులు పూర్తయ్యాయో లేదో, చూడండి, చాలావరకు ఇంకా రెడీ కాలేదు అని చూపిస్తే ఎవరో ఈమధ్యే చెరిపేశారన్నమాట, లేదా బ్యాటరీ మార్చారు, ఏదైనా అడగాల్సిన ప్రశ్నే. టైరు పక్క గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి, 2316 అంటే 2016లో 23వ వారం తయారైందన్నమాట. గాడి నిండుగా ఉన్నా వయసైపోయిన టైరు స్పోర్ట్స్ కారుకి పనికిరాదు. నాలుగు టైర్లూ నాలుగు చవక బ్రాండ్లు అయితే ఆ ఓనర్ కనపడని చోట ఎంత ఖర్చు పెట్టి ఉంటాడో మీరే లెక్కేసుకోండి. నడిపేటప్పుడు టాప్ గేర్‌లో తక్కువ స్పీడ్‌లో ఉన్నప్పుడు ఒక్కసారి ఫుల్‌గా తొక్కండి, ఆర్‌పీఎం పైకెళ్లి బండి మాత్రం వెళ్లకపోతే క్లచ్ జారుతున్నట్టు. పాటలు ఆపేయండి, ఓనర్ మాటలు కూడా.

కాగితాలు చప్పగా ఉంటాయి గానీ చూడాల్సిందే. లోన్ బాకీ ఉందా, ఇన్సూరెన్స్ వాళ్లు ఒకసారి బాగుచేయించడం దండగని టోటల్ లాస్ రాసేసిన కారా, హిస్టరీ రిపోర్ట్‌లో కిలోమీటర్లు వరసగా పెరుగుతూ వచ్చాయా లేక మధ్యలో తగ్గాయా. ఆ తర్వాత ఆ కంపెనీ కార్లు తెలిసిన వేరే మెకానిక్‌తో, అమ్మేవాడు చూపించిన మెకానిక్ కాదు, లిఫ్ట్ ఎక్కించి చూపించండి. ఆ ఫీజు దండగ అనిపిస్తుంది, కారు బాలేదని తేలినప్పుడు ఇంకా దండగ అనిపిస్తుంది, అయినా ఇవ్వండి. నా ఎర్ర కారు చూపించి ఉంటే ఆ ఫీజుకి ఎన్ని రెట్లు మిగిలేదో ఇప్పటికీ మా ఆవిడ లెక్క చెప్తూ ఉంటుంది.

తమ్ముడి ఎం3 సంగతి అంటారా, మెకానిక్‌కి చూపిస్తానంటే ఆ ఓనర్ ఇంకో ఇద్దరు డబ్బులతో లైన్లో ఉన్నారు అన్నాడట. ఆ ఇద్దరికే ఇచ్చుకోమని చెప్పమన్నా. రెండు రోజులు మొహం మాడ్చుకుని మూడో రోజు ఒక ఎంఎక్స్-5 ఫొటోలు పంపాడు, బిల్లులు ఒక ఫైలు నిండా ఉన్నాయంట, శనివారం పొద్దున రమ్మన్నాడు. వస్తా గానీ ఓనర్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టు, మేం వచ్చేదాకా తాళం తిప్పొద్దని, అన్నా.