ఆటిజం ఉన్న పాత్రలతో పిల్లల కథలు

ప్రశ్న: మా 10 ఏళ్ల అమ్మాయి తరగతిలో ఆటిజం ఉన్న బాబు ఒకడు చదువుతున్నాడు. అతణ్ని అర్థం చేసుకోవడానికి పాపచేత ఎలాంటి కథలు చదివించాలి?

జవాబు: ఆటిజం ఉన్న పాత్ర తన కథను తానే చెప్పే పుస్తకంతో మొదలుపెట్టండి. పక్కనుంచి చూసి జాలిపడే కథల్లో ఆ పాత్ర తరచుగా ఇతరుల మంచితనాన్ని చాటడానికే మిగిలిపోతుంది. 2007లో వచ్చిన షివాన్ డౌడ్ నవల 'ది లండన్ ఐ మిస్టరీ'లో, కళ్లముందే జెయింట్ వీల్ ఎక్కిన కజిన్ కిందికి దిగిరాకపోతే, వాతావరణ విశేషాలంటే ప్రాణమిచ్చే 12 ఏళ్ల టెడ్, అందరికంటే భిన్నంగా పనిచేసే తన బుర్రతోనే ఆ చిక్కుముడి విప్పుతాడు. 'ఎ కైండ్ ఆఫ్ స్పార్క్' (2020) రాసిన ఎల్ మెక్‌నికల్ స్వయంగా ఆటిజం ఉన్న రచయిత్రి. పూర్వం మంత్రగత్తెలనే నెపంతో చంపిన స్త్రీలకు తమ ఊళ్లో స్మారకం కట్టాలని అందులో 11 ఏళ్ల యాడీ పట్టుబడుతుంది. నా ఓటు దీనికే. పెద్ద శబ్దాలు, టీచరు కసురు ఆ పిల్లకు ఎలా తగులుతాయో లోపలినుంచి తెలుస్తుంది. అయితే, టెడ్, యాడీ ఇద్దరూ ధారాళంగా మాట్లాడగలరు. మాటలు రాని పిల్లల కథలు ఇంకా తక్కువే కనుక, ఆ బాబు కూడా వీళ్లలాగే ఉంటాడని పాప అనుకోకుండా ముందే చెప్పండి.