గ్రహాలు పుడతాయా, ఏర్పడతాయా?

సందేహం: పిల్లలకు పాఠం చెబుతూ ‘పసి నక్షత్రం చుట్టూ ఉన్న ధూళి వలయంలో గ్రహాలు పుడుతున్నాయి’ అని బోర్డు మీద రాశాను. ప్రాణం లేనివాటికి ‘పుట్టు’ వాడకూడదు, ‘ఏర్పడుతున్నాయి’ అనాలని తోటి ఉపాధ్యాయుడు దిద్దారు. ఏది సరి?

సమాధానం: మీ ‘పుడుతున్నాయి’లో తప్పేమీ లేదండీ. తెలుగులో పుట్టడానికి ప్రాణం అక్కర్లేదు. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టింది అంటాం. రాపిడికి నిప్పు పుడుతుంది, మనసులో అనుమానం పుడుతుంది, ఎంత తిరిగినా అప్పు పుట్టదు.

‘ఏర్పడు’ కూడా మంచి మాటే. ఇప్పుడు తయారవడం అనే అర్థంలో వాడుతున్నాం కానీ, పాత తెలుగులో దానికి స్పష్టపడటం, విడిగా తెలియడం అనే అర్థం ఉంది. ‘ఏర్పడఁ జెప్పు’ అంటే విడమరచి చెప్పమని. ఆ పాత అర్థం ఇక్కడ ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. ధూళి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, పిండి ఉండకట్టినట్టు ఉండకడతాయి. ఆ ఉండలు ఢీకొని, కలిసి, పెరిగి పెద్దవై, తమ దారిలో ఉన్నదంతా ఊడ్చుకుంటాయి. చివరికి చుట్టూ ఖాళీ చేసుకుని విడిగా కనిపిస్తాయి. సుమారు 370 కాంతి సంవత్సరాల దూరంలోని పీడీఎస్ 70 అనే నక్షత్రం చుట్టూ అలాంటి ఖాళీలోనే 2018లో ఒక గ్రహం, 2019లో రెండోది బయటపడ్డాయి. అవి ఇప్పటికీ వాయువును లాక్కుంటూనే ఉన్నాయి. నేనైతే ఉండకట్టే దశకు ‘పుట్టు’, ఇలా తేటపడిన దశకు ‘ఏర్పడు’ వాడతాను.

మీ వాక్యంలో నిజంగా దిద్దవలసింది ‘వలయం’. సంస్కృతంలో వలయమంటే కంకణం; నడుమ ఖాళీ ఉండాలి. శనిగ్రహానికి ఉన్నవి వలయాలు. పసి నక్షత్రం చుట్టూ ఉన్నది చదునుగా, విశాలంగా పరుచుకుని తిరిగే పదార్థం. నడుమ ఇరుసులా నక్షత్రం, చుట్టూ తిరుగుడు. దానికి ‘చక్రం’ అన్న మాటే తగినది. కొందరు ‘పళ్లెం’ అంటారు. అందులో చదును తెలుస్తుంది గానీ తిరగడం తెలియదు. పైగా ఆ చక్రంలో ధూళి కన్నా వాయువే చాలా ఎక్కువ.

అలాగని వలయాన్ని పూర్తిగా వదిలేయకండి. వృషభరాశిలోని హెచ్.ఎల్. టౌరీ నక్షత్రాన్ని చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులు 2014లో చిత్రించినప్పుడు, ఆ చక్రంలోనే వెలుగు వలయాలు, వాటి మధ్య చీకటి సందులు కనిపించాయి. పిల్లలకు ఆ బొమ్మ చూపించి, పక్కనే ఇలా రాయండి: ‘పసి నక్షత్రం చుట్టూ తిరిగే వాయుధూళి చక్రంలో గ్రహాలు పుడుతున్నాయి.’