తెలుగు పుస్తకాలు నెట్‌లో అందరికీ ఉచితంగా దొరకాలంటే మామూలువాళ్లం ఏం చేయగలం?

రోజుకో పేజీ దిద్దొచ్చు. పాత పుస్తకాలను అందరూ కలిసి ఎక్కించి, దిద్ది, ఉచితంగా ఉంచే సైటు తెలుగు వికీసోర్స్‌లో నాలుగేళ్లుగా నేను చేస్తున్నది అదే.

ఒకవైపు పాత పుస్తకం స్కాను, పక్కనే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) చదివి ఇచ్చిన పాఠం. రెండూ పోల్చుకుంటూ తప్పులు సరిచేయాలి. ‘వాఁడు’లో అరసున్న దానికి ఇంగ్లిషు ‘సి’లా కనిపిస్తుంది. ‘ష’ ఉన్నచోట ‘ప’ కొడుతుంది. దిద్దాక పేజీ ఎరుపు నుంచి పసుపుకి మారుతుంది, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. మన పేజీకి మనమే ఆకుపచ్చ ఇచ్చుకోలేం. నా మొదటి పేజీకి గంట పట్టింది, ఇప్పుడు పది నిమిషాలు.

కొత్తలో ఉత్సాహం కొద్దీ చలం పుస్తకమొకటి ఎక్కించేశా. ఆయన పోయి ఎన్నేళ్లయిందో, ఎవరడుగుతారులే అనుకున్నా. రెండ్రోజుల్లో ఒక సీనియర్ గారు చర్చాపేజీలో నెమ్మదిగా రాశారు: రచయిత బతికుండగా అచ్చయిన వాటికి, చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయండీ, చలం పోయింది 1979లో, 2039 చివరిదాకా ఆగాలి అని. పుస్తకం తీసేశారు. అప్పుడు మనసు చివుక్కుమంది గానీ, ఆయన చేసిందే మంచిది. అలాంటిది ఒక్కటి దొరికినా మిగతా వాటన్నిటినీ అనుమానంగా చూస్తారు. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి వాళ్లవి బోలెడున్నాయి, వాటికే చేతులు చాలట్లేదు.

మేం దిద్దిన పాఠమే ఒకసారి వేరే సైటులో ‘సర్వహక్కులూ మావి’ అన్న ముద్రతో కనిపించింది. అమ్ముకుంటే అమ్ముకోనీ, దానికి అడ్డు లేదు. ఊరందరి చెరువుకి తాళం వేసినట్టుండటమే నాకు మండింది. మెయిల్ రాశా. జవాబు రాలేదు, నెల తిరిగేసరికి ముద్ర మాత్రం పోయింది.

ఇంకోటి, ఏదీ ఒక్కచోటే ఉంచకూడదు. పాత పుస్తకాల స్కాన్లు పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు తెరుచుకోవడం మానేశాక కూడా ఆ స్కాన్లు మనకు అందుతున్నాయంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే మరో ఉచిత సైటులో ప్రతులు ఉండబట్టే. కాకపోతే పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో, తోచినట్టు. ఒక్కో పుస్తకానికి నాలుగైదు స్పెల్లింగులు కొట్టి చూడాలి.

మీరు చేరాలనుకుంటే ముందు పసుపు పేజీలు పట్టండి. అప్పటికే ఒకరు దిద్ది ఉంటారు కాబట్టి కథ చదువుకున్నట్టే పోతుంది. పద్యాల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి.