రాగిరేకు మీది సమాధి

ప్రశ్న: మా తాతగారి పుస్తకాల మధ్య పదిహేడో శతాబ్దపు యూరప్ ముద్రణ చిత్రం ఒకటి దొరికింది. ఎత్తైన పీఠంపై శవపేటిక, చుట్టూ విలపించే స్త్రీమూర్తులు, పైన ఇసుక గడియారం పట్టిన అస్థిపంజరం ఉన్నాయి. ఎడమవైపు స్తంభం ఉన్న చోట కుడివైపు శిల్పం ఉంది. మన హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ ఉన్నట్టు ఈ సమాధి కూడా ఎక్కడైనా ఉందా? దీన్ని ఎలా ముద్రించారు?
- ఒక పాఠకుడు, పాతబస్తీ, కర్నూలు

జవాబు: రెండు వైపులూ ఒకేలా లేవన్నారు కనుక, ఇది కట్టిన సమాధిని చూసి వేసిన బొమ్మ కాకపోవచ్చు, కట్టించేవారు తమకు నచ్చినదాన్ని ఎంచుకునేందుకు ఒకే కాగితంపై చూపిన రెండు రకాల నమూనా అయ్యే అవకాశమే ఎక్కువ. బరోక్ అనే ఆడంబరమైన కళాశైలి యూరప్‌లో నడిచిన ఆ కాలంలో ఇలాంటి నమూనాలను అచ్చువేసి అమ్మేవారు. పారిస్‌లో జాఁ లెపోత్ర్ (1618–1682) అలంకార నమూనాలను వందలకొద్దీ గీశాడు. నిలిచి ఉన్న సమాధులూ లేకపోలేదు: రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలో బెర్నీనీ రూపొందించిన ఏడవ అలెగ్జాండర్ పోపు సమాధిలో, ఎర్రరాతి దుప్పటి కింది నుంచి కంచు అస్థిపంజరం ఇసుక గడియారాన్ని ఎత్తి చూపుతుంది. అయితే ప్రముఖుల అంత్యక్రియల ప్రార్థనలకు చెక్కతో, గుడ్డతో నిలబెట్టి ఆ తరువాత విప్పేసిన కట్టడాలూ ఎన్నో ఉన్నాయి. 1672లో ఫ్రాన్సు ఛాన్సలర్ (రాజు కొలువులో ఉన్నతాధికారి) సెగియే కోసం చిత్రకారుడు లె బ్రన్ రూపొందించిన అలాంటి కట్టడాన్ని సెబాస్టియన్ లె క్లెర్క్ ముద్రణ చిత్రంలో ఇప్పటికీ చూడగలుగుతున్నాం. రాతి బరువుకూ ఖర్చుకూ లొంగని ఊహ ఈ కాగితాల మీదే దొరుకుతుంది కనుక, ఇవి కట్టిన సమాధులకు ఏమాత్రం తీసిపోవని నా అభిప్రాయం.

ఇక ముద్రణ సంగతి. నున్నని రాగిరేకుపై మైనం కలిసిన పూత పూసి, సూదితో గీసి, రేకును ఆమ్లంలో ఉంచుతారు. సూది పూతను తొలగించిన చోటల్లా ఆమ్లం రాగిని తినేస్తుంది. దూరంగా, పలుచగా కనిపించవలసిన గీతలను ముందే వార్నిష్‌తో మూసి, దట్టమైన నీడలకు కావలసినవాటిని మరికొంతసేపు ఆమ్లానికి వదిలేస్తారు. తరువాత గీతల్లో సిరా నింపి, రేకు పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, తడి కాగితంతో కలిపి ప్రెస్సులో గట్టిగా నొక్కుతారు. అందువల్ల బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది.

భూతద్దంతో చూడండి: గీతల చివరలు మొద్దుగా ఉంటే సూది, ఆమ్లాల పని, సన్నగా మొనదేలి ఉంటే ఉలితో నేరుగా చెక్కినది. కింద పేరు పక్కన ‘ఇన్వెనిట్’ అని ఉంటే ఆయన రూపకర్త, ‘ఫెసిట్’ అని ఉంటే సాధారణంగా రేకుపై గీసినవాడు. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న పల్లం కనిపిస్తే, ఫ్రేము కట్టించేటప్పుడు ఆ అంచును ఎట్టి పరిస్థితిలోనూ కత్తిరించనివ్వకండి.