‘గ్రావిటీ’ సినిమాలో పెద్ద తప్పు కక్ష్యల దగ్గర ఉంది

‘గ్రావిటీ’లో కనిపించే కంటిన్యుటీ లోపాలు, సైన్సు తప్పులు ఏమిటి, వాటివల్ల సినిమా విలువ తగ్గుతుందా అని మీరు అడిగారు. నేను నెల్లూరు జిల్లాలో ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. అల్ఫోన్సో క్వారోన్ తీసిన ఈ చిత్రాన్ని 2013లో విడుదలైనప్పుడే హాల్లో చూశాను. మొదటి సంవత్సరం గురుత్వాకర్షణ పాఠం వచ్చిన ప్రతిసారీ ఇందులోని సన్నివేశాలను తరగతిలో చర్చకు పెడుతూ వచ్చాను కాబట్టి, ఆ అనుభవంతోనే సమాధానం రాస్తున్నాను.

ఒక షాటులో ఎడమ చేతిలో ఉన్న గ్లాసు మరుసటి షాటులో కుడి చేతికి మారడాన్నే చాలామంది కంటిన్యుటీ లోపం అంటారు. సినిమా తాను పెట్టుకున్న నియమాన్ని తానే మరిచిపోవడం అంతకంటే పెద్ద లోపమని నా అభిప్రాయం. అంతరిక్ష కేంద్రంలో మంటలు సైతం ముద్దలు ముద్దలుగా తేలుతుంటాయి కానీ, అక్కడే ఉన్న ర్యాన్ స్టోన్ (సాండ్రా బులక్) జుట్టు మాత్రం నేలమీద ఉన్నట్టే తలకు అంటుకొని ఉంటుంది. ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ అప్పట్లోనే ఈ విషయం ఎత్తిచూపారు. ఆమె కన్నీళ్లు బంతులై తేలిపోవడం కూడా సరికాదు. 2013లోనే వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ అంతరిక్ష కేంద్రంలో తన కంట్లో నీళ్లు వేసుకొని చూపించారు: తలతన్యత వల్ల ఆ నీరు ఊడిపోకుండా కన్ను చుట్టూ జిగురు ముద్దలా పేరుకుపోయింది. సూటు కింద నీటి గొట్టాలు అల్లిన చల్లబరిచే దుస్తు లేకపోవడం చిన్న విషయం, దాన్ని వదిలేయవచ్చు.

అసలు కథ నిలబడిన చోటే పెద్ద పొరపాటు ఉంది. హబుల్ దూరదర్శిని దగ్గర ఉన్న షటిల్‌ను (నాసా వ్యోమనౌకను) పగిలిన ఉపగ్రహాల శకలాలు ఢీకొట్టగానే, వీపుకు కట్టుకున్న చిన్న యంత్రంతో పాత్రలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరుకుంటాయి. ఇది ఎందుకు కుదరదో చెప్పడానికి నేను గ్లోబుకు రెండు ఇనుప తీగ వలయాలు తొడుగుతాను. ఒకటి భూమధ్యరేఖకు 28.5 డిగ్రీల వాలులో ఉన్న హబుల్ కక్ష్య, రెండోది 51.6 డిగ్రీల వాలులో ఉన్న అంతరిక్ష కేంద్రం కక్ష్య. పిల్లలు తీగ వెంట వేలు పోనిస్తే, ఆ రెండూ కలిసేది రెండే రెండు చోట్ల అని, అక్కడ కూడా ఒకదానికొకటి ఏటవాలుగా దాటిపోతాయని వాళ్లకే తెలుస్తుంది. ఒక తీగ నుంచి రెండో తీగకు మారాలంటే, సెకనుకు 7.6 కిలోమీటర్ల వేగంతో పోతున్నవాడు తన దిశను కనీసం 23 డిగ్రీలు తిప్పుకోవాలి. లెక్క వేస్తే దానికి కావలసిన వేగ మార్పు సెకనుకు సుమారు 3 కిలోమీటర్లు. 1984లో షటిల్ వ్యోమగాములు వాడిన అలాంటి యంత్రం ఇవ్వగలిగింది మొత్తం మీద సెకనుకు 25 మీటర్లే. సినిమాలోని యంత్రం దానికి నూరు రెట్లు బలమైనదనుకున్నా చాలదు. ధ్రువాల మీదుగా తిరిగే ధ్రువకక్ష్యకు పోయే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ శ్రీలంకను తప్పించడానికి ముందు ఆగ్నేయంగా వెళ్లి తరువాత దక్షిణానికి మళ్లుతుందనీ, ఆ ఒక్క మలుపు కోసమే మోయగల బరువులో కొంత వదులుకోవలసి వస్తుందనీ చెబితే, శ్రీహరికోట ప్రయోగాలు చూస్తూ పెరిగిన మా పిల్లలకు దిశ మార్చడం ఎంత ఖరీదో వెంటనే అర్థమవుతుంది.

నాసా ఈ సమస్యను నిజంగానే ఎదుర్కొంది. 2003లో కొలంబియా షటిల్ ప్రమాదం తరువాత, షటిల్ దెబ్బతింటే వ్యోమగాములు అంతరిక్ష కేంద్రంలో తలదాచుకోవాలని అనుకున్నారు. అయితే 2009 మే నెలలో హబుల్ మరమ్మతుకు వెళ్లిన అట్లాంటిస్ షటిల్‌కు ఆ దారి లేదు. అందుకే వాళ్లను కాపాడవలసి వస్తే పంపడానికి ఎండెవర్ షటిల్‌ను మరో ప్రయోగవేదిక మీద సిద్ధంగా నిలిపి ఉంచారు. సినిమా తేలికగా దాటేసిన దూరం కోసం ఒక షటిల్‌నే కాపలా పెట్టవలసి వచ్చిందన్నమాట.

శకలాల తాకిడికి హ్యూస్టన్‌లోని నాసా నియంత్రణ కేంద్రంతో సంబంధం తెగిపోవడం కూడా నమ్మదగినది కాదు. షటిల్ మాటలను భూమికి చేరవేసే ఉపగ్రహాలు ఆ శకలాలకు అందనంత పైన, ఎక్కడో 35,786 కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్యలో ఉంటాయి.

ఇన్ని చెప్పినా సినిమా మీద నా గౌరవం తగ్గలేదు. శకలాలు ఢీకొట్టినప్పుడు పేలుడు శబ్దాలు వినిపించకుండా నిశ్శబ్దాన్ని నిశ్శబ్దంగానే ఉంచిన ధైర్యం నాకు ఎంతో నచ్చింది. ఒక ఢీలో పుట్టిన శకలాలు మరిన్ని ఢీలకు దారితీసే గొలుసు ప్రమాదం కూడా కల్పన కాదు. నాసా శాస్త్రవేత్త డొనాల్డ్ కెస్లర్ 1978లోనే దాని గురించి హెచ్చరించారు. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం 33, కాస్మోస్ 2251 ఉపగ్రహాలు సైబీరియా మీద ఢీకొని వేల ముక్కలయ్యాయి.

శకలాలు ప్రతి 90 నిమిషాలకు తిరిగి వస్తాయన్న మాటను మాత్రం నేను చాలాకాలం ప్రశ్నించకుండా వదిలేశాను. ఒకసారి తరగతిలో ఒక అమ్మాయి గ్లోబు దగ్గరకు వచ్చి, ఒక తీగ హబుల్‌ది, రెండోది శకలాలది అనుకొని, రెండు తీగలు కలిసే రెండు చోట్లా వేళ్లు పెట్టి, “ఎత్తు ఒకటే అయితే సగం చుట్టు తిరిగాక ఇక్కడ కూడా ఎదురుపడాలి కదా సార్?” అని అడిగింది. ఇద్దరం బోర్డు మీద లెక్క వేసి చూశాం. వృత్తాకార కక్ష్యలే అనుకుంటే హబుల్ ఒక చుట్టు తిరగడానికి 95 నిమిషాలు పడుతుంది కాబట్టి, శకలాలు సుమారు 47 నిమిషాలకే మళ్లీ వచ్చి పడాలి.